లూదియ కట్టిన బట్ట ఏ రంగు?



సార్వా కోతలు ముగింపుకు వస్తున్నాయి. మన సంఘాలలో కోత పండుగలు మొదలయ్యే కాలమిది. మందిరము ముందర అరటి గెలలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, ధాన్యపు బస్తాలు, కాళ్లు కట్టిన కోళ్లు వరుసగా పెడతారు. ఆరాధన అయిన తరువాత వేలంపాట. చిన్నపిల్ల తెచ్చిన నాలుగు కోడిగుడ్లు కూడా పాటలో పెద్ద ధరకు పోవడం మీరందరూ చూచే వుంటారు. ధర గుడ్లది కాదు, సంతోషానిది.

ఈ మాసము కోత పండుగనాడు మనము కట్టుకొనే బట్టను గురించి నాలుగు మాటలు వ్రాయాలని వుంది. "పాస్టరుగారికి చీరల సంగతి ఎందుకు?" అని అక్కగార్లు నవ్వుకోవచ్చు. నిరుడు చీరల సంగతిలో తల దూర్చి పొరపాటు చేసినవాణ్ణి నేనే గనుక, వ్రాయవలసినవాణ్ణి కూడా నేనే.

నిరుడు సెప్టెంబరులో మా స్త్రీల సమాజం కూడుకొన్నప్పుడు పండుగ ఏర్పాట్ల మాట వచ్చింది. వేరొక ఊరి సంఘంలో పాటలు పాడే స్త్రీలందరూ ఒకే రంగు చీరలు కట్టుకొని నిలువబడిన ఫోటో ఎవరో నా ఫోనుకు పంపారు. చూడముచ్చటగా వుంది. "మనవాళ్లు కూడా ఈసారి ఒకే రంగు కట్టుకుంటే బాగుంటుంది గదా" అన్నాను. ఎవరూ కాదనలేదు. కాపరి నోట వచ్చిన మాటను ఎవరు కాదంటారు?

మా సంఘంలో చీరల వ్యాపారము చేసే ఒక సహోదరి వున్నది. విజయవాడలో టోకున కొని తెచ్చి, ఇదివరకు మూట చంకన పెట్టుకొని ఊరూరూ తిరిగేది. ఇప్పుడు ఫోనులో ఫోటోలు పంపి, వాయిదాల మీద ఇస్తున్నది. భర్త పని చేయలేని స్థితిలో వుంటే ఇద్దరు పిల్లలను ఆ మూటే చదివించింది. ఆమె లాభము వేసుకోకుండా కొన్న ధరకే ఇస్తానన్నది. చీర ఆరు వందల యాభై రూపాయలు. ఊదారంగు, సన్న జరీ అంచు. పాడేవారు పదకొండుమంది.

పండుగ రోజున పదిమందే నిలువబడ్డారు. రానిది ఎవరో కాదు, పల్లవి ఎత్తుకొనే ఆమె. విధవరాలు, కూలిపని చేసుకొనే మనిషి. అక్షరము ముక్క రాదు. అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఏ పాట అడిగినా చరణాలన్నీ కంఠతా చెబుతుంది. పుస్తకములో పాట పైన అచ్చు వేసిన రాగము పేరు ఆమెకు తెలియదు గాని, ఆ రాగము మాత్రము ఆమె గొంతులో వుంటుంది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలుకొని మన భక్తులు వ్రాసిన కీర్తనలు పల్లెటూళ్లలో ఇంతకాలము నిలిచాయంటే, ఇటువంటి స్త్రీలు కూడా అందుకు కారణమే. ఆ దినము కీబోర్డు వాయించే కుర్రవాడు ఒక శ్రుతి పెట్టాడు, మావాళ్లు ఇంకొక శ్రుతిలో ఎత్తుకొన్నారు. ఫోటోలు మాత్రము బాగా వచ్చాయి.

జ్వరమేమో అనుకొని సాయంకాలము ఆమె ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని చేటలో గింజలు చెరుగుతున్నది.

"ఒంట్లో బాగుండలేదా అమ్మా?"

"బాగానే వుందండి అయ్యగారూ."

"మరి గుడికి రాలేదేమి?"

కాసేపు చేటలోకే చూచింది. "నా దగ్గర ఆ రంగు చీర లేదు గదండి. నేనొక్కదాన్నే పచ్చచీరతో నిలబడితే వరుసంతా పాడైపోద్దని రాలేదండి" అన్నది.

"వాయిదాల మీద ఇస్తానన్నది గదమ్మా!"

"అన్నదండి. మంచిపిల్ల, తప్పు చెప్పకూడదు. ఈస్టరుకు తీసుకున్న చీరదే ఇంకా రెండు వందలు బాకీ వుందండి. అప్పు మీద అప్పు పెట్టుకొని, దేవుడా నీకు వందనాలని ఎలా పాడమంటారండి?"

నేను జవాబు చెప్పలేకపోయాను. లేచి వస్తుంటే చిన్న గుడ్డసంచి నా చేతికిచ్చింది. "పరిగె ధాన్యమండి. కానుకల్లో వేయండి" అన్నది. వరికోత మిషన్లు వచ్చిన తరువాత పరిగె ఎంత తక్కువగా దొరుకుతుందో మీకు తెలుసు. మిషను తిరగని మూలల్లో, గట్ల వెంబడి ఏరుకొన్న గింజలవి. రావడానికి సిగ్గుపడిన మనిషి ఇవ్వడానికి వెనుదీయలేదు. ఆమె కానుకకు మన గుడిలో చోటుంది, ఆమె పచ్చచీరకు చోటు లేకపోయింది. ఆ చోటు లేకుండా చేసినవాణ్ణి నేను.

ఆ రాత్రి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము తెరచి చదువుకొన్నాను. ఎన్నోసార్లు ప్రసంగించిన అధ్యాయమే. ఆ రాత్రి మాత్రము అందులో వస్త్రములను గురించిన మాటలే నా కంటికి కనబడ్డాయి.

ఊదారంగు అమ్మిన స్త్రీ

క్రీస్తు శకము 50వ సంవత్సరము ప్రాంతములో పౌలు, సీల మాసిదోనియలోని ఫిలిప్పీ పట్టణమునకు వచ్చారు. విశ్రాంతి దినమున ఊరి బయట నదీతీరమున ప్రార్థనకు కూడిన స్త్రీలతో మాటలాడారు. వారిలో లూదియ వున్నది. ఆమె స్వంత ఊరు తుయతైర, అనగా నేటి తుర్కీ దేశములోని అఖిసార్ పట్టణము. రంగులు వేసేవారు సంఘముగా ఏర్పడి పని చేసిన ఊరని అక్కడ దొరికిన పురాతన శిలాశాసనములు తెలుపుచున్నవి. మన బైబిలులో ఆమె ఊదారంగు పొడిని అమ్మేదని వున్నది. గ్రీకు మూలములోని మాటకు ఊదారంగు సరుకు అమ్మే స్త్రీ అని అర్థము. ఆ రంగు వేసిన బట్టలే ఆమె అమ్మి వుంటుందని చాలామంది పండితులు తలంచుచున్నారు.

ఆ దినములలో ఊదారంగు అంటే ఈనాటి ఊదారంగు కాదు. మేలైన ఊదా సముద్రపు నత్తలలోనుండి తీసేవారు. 1909లో ఫ్రీడ్లాండర్ అనే జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు 12,000 నత్తలలోనుండి తీయగా వచ్చిన రంగు 1.4 గ్రాములు మాత్రమే! కాబట్టి ఆ బట్ట రాజులకు, ధనవంతులకు తప్ప మరెవరికీ అందేది కాదు. లాజరును గుమ్మము దగ్గర విడిచిపెట్టిన ధనవంతుడు ఊదారంగు బట్టలు కట్టుకొన్నవాడే (లూకా 16:19). తుయతైర ప్రాంతములో నత్తలకు బదులు మంజిష్ఠ వేరుతో రంగు వేసేవారని కొందరు పండితులు అంటారు. మన బందరు కలంకారీలో ఎరుపుకు వాడిన చిరివేరు కూడా ఆ మొక్క కుటుంబములోనిదే. ఏ వేరుతో వేసినా, ఆమె అమ్మినది విలువగల సరుకు.

ఇప్పుడు ఒక ప్రశ్న. అంత ఖరీదైన బట్టలు అమ్మిన లూదియ తాను కట్టుకొన్న బట్ట ఏ రంగు? పరిశుద్ధ గ్రంథమంతా వెదకండి, ఎక్కడా లేదు. ప్రభువు ఆమె హృదయమును తెరచెనని వున్నది. ఆమెయు ఆమె యింటివారును బాప్తిస్మము పొందిరని వున్నది. తన యింటికి వచ్చి వుండుమని దైవసేవకులను బలవంతము చేసినదని వున్నది. తెరువబడిన హృదయము, తెరువబడిన తలుపు — ఈ రెండే ఆమెను గురించి మనకు మిగిలిన గుర్తులు. పౌలు పరిచర్యవలన ఐరోపా ఖండములో బాప్తిస్మము పొందినవారిలో పేరుతో వ్రాయబడిన మొదటి వ్యక్తి ఒక బట్టల వ్యాపారి, ఒక స్త్రీ. మూట మోసి చీరలు అమ్ముకొనే సహోదరీ, మిషను కుట్టుకొనే చెల్లెమ్మా, మీ పని చిన్నదని ఎవరైనా అంటే ఈ మాట జ్ఞాపకము చేసికొనండి.

బట్టలు లాగివేసిన రాత్రి

అదే అధ్యాయములో ఇంకొక చోట బట్టల మాట వున్నది. సోదె చెప్పే చిన్నదానిని పౌలు విడిపించినందుకు ఆమె యజమానుల లాభము పోయింది. వారు పౌలును, సీలను పట్టి న్యాయాధిపతుల యొద్దకు ఈడ్చుకొని పోయారు. న్యాయాధిపతులు వారి వస్త్రములు లాగివేయించి, బెత్తములతో కొట్టించారు (16:22). లోపలి చెరసాలలో వేసి కాళ్లకు బొండ వేయించారు. మధ్యరాత్రివేళ వారు ప్రార్థించుచు దేవునికి కీర్తనలు పాడుచుండగా ఖైదీలు వింటూ వున్నారు.

ఫిలిప్పీ సంఘ చరిత్రలో మనకు వ్రాయబడిన మొదటి సంగీత ఆరాధన ఇదే. ఇద్దరే గాయకులు. బట్టలు లాగివేయబడినవారు, వీపు నిండా దెబ్బలు. వాయిద్యము లేదు, దీపము లేదు. నిలువబడడానికి కూడ వీలులేదు. అయినా ఆ పాట జరుగుచుండగా చెరసాల పునాదులు అదిరాయి. చెరసాల నాయకుడు ఇంటివారితో కూడ రక్షింపబడి, ఆ గాయములు కడిగాడు. కృతజ్ఞతాస్తుతికి దేవుడు అడిగే వస్త్రమేదో ఆ రాత్రి తేలిపోయింది.

మరునాడు విడుదలయ్యాక వారు ఎక్కడికి వెళ్లారు? లూదియ యింటికి (16:40). ఆమె వారికి కట్టుబట్టలు ఇచ్చినదని లేఖనము చెప్పలేదు. కాని చిరిగిన బట్టలతో వచ్చిన ఇద్దరు మనుష్యులు ఒక బట్టల వ్యాపారి గుమ్మములో నిలువబడితే ఆమె ఏమి చేసి వుంటుందో మన ఆడపడుచులను అడిగితే చెబుతారు.

ధన్యవాదములు చెప్పిన ఉత్తరము

సంవత్సరములు గడిచాక పౌలు మళ్లీ బంధకములలో వుండి ఈ ఫిలిప్పీ సంఘానికే ఉత్తరము వ్రాశాడు. నాలుగు అధ్యాయముల చిన్న పత్రిక. చెరలోనుండి వచ్చిన ఉత్తరమైనా దానినిండా సంతోషమే. నాల్గవ అధ్యాయములో అతడు వారికి కృతజ్ఞత తెలుపుచున్నాడు. మాసిదోనియ విడిచినప్పుడు ఇచ్చిపుచ్చుకొనే విషయములో మీరు తప్ప మరి ఏ సంఘమును నాతో పాలుపంచుకొనలేదనీ, థెస్సలొనీకలో వున్నప్పుడు కూడ మాటిమాటికి నా అవసరము తీర్చితిరనీ, ఎపఫ్రొదితు చేత పంపినవి నాకు ముట్టెననీ అంటున్నాడు. ఉన్న స్థితిలో తృప్తిగా వుండడము నేర్చుకొన్నానని చెప్పినది కూడ ఈ అధ్యాయములోనే.

చూచారా ప్రియులారా! వ్యాపారము, పాట, కృతజ్ఞత — మూడూ ఒక్క ఊరిలో, ఒక్క సంఘములో కలిశాయి. లూదియ వ్యాపారము ఇంటి తలుపు తెరిచింది. పాట చెరసాల తలుపు తెరిచింది. కృతజ్ఞత చేతులు తెరిచింది. నిరుడు మా సంఘంలో ఈ మూడూ వున్నాయి. కాని నేను వేసిన ఒక్క రంగు ఒక తలుపు మూసింది.

మన పండుగకు నాలుగు మాటలు

కోత పండుగను ఆచరించుమని ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయములో ఆజ్ఞాపించినప్పుడు దేవుడు ఎవరెవరు సంతోషించాలో కూడ పేర్లు పెట్టి చెప్పాడు. కుమారులు, కుమార్తెలు, పనివారు, లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేనివారు, విధవరాలు. అందరూ వుండవలెను. ఎవరూ వట్టిచేతులతో రాకూడదు గాని, ప్రతివాడును తన శక్తికొలది తేవలెను. చేతిలో ఏముండాలో చెప్పాడు గాని, ఒంటిమీద ఏ రంగు వుండాలో చెప్పలేదు.

కాబట్టి మొదటి మాట నాతోటి కాపరులకు, పెద్దలకు. మనము సరదాగా అన్న మాట బీదవారి ఇంట్లో ఆజ్ఞగా మారుతుంది. ఒకే రంగు చీర పాపము కాదు. తెల్లచీర ఆచారముగా వున్న సంఘములను నేను విమర్శించడము లేదు. అందరి ఇళ్లలో ముందునుండి వున్న చీర అయితే అది ఐక్యత. అప్పు చేసి కొనవలసిన చీర అయితే అది భారము. "అప్పు చేసి పప్పు కూడు" అని పెద్దలు ఊరకే అనలేదు. క్రిస్మసు కూడ దగ్గరకు వస్తున్నది, పిల్లల కొత్తబట్టల సంగతి కూడ ఈ మాటతోనే ఆలోచించండి.

రెండవ మాట స్త్రీలకు. శుభ్రముగా, ముచ్చటగా కట్టుకోవడము తప్పని నేను చెప్పను. సామెతలు 31లోని గుణవతి తాను రక్తవర్ణము, ఊదారంగు బట్టలు ధరించినది, తన యింటివారిని చలికి కాపాడినది, నారబట్టలు నేయించి అమ్మినది కూడ. ఆమె చేయి దీనుల వైపు చాపబడి వుంది గనుక ఆ బట్ట ఆమెకు అందము తెచ్చింది. పేతురు భక్తుడు చెప్పినట్లు సాధువైన, మృదువైన స్వభావమే విలువగల అలంకారము. ఉతికి ఆరవేసిన నూలుచీర, నవ్వుముఖము, పక్కనున్న బీద సహోదరికి జరిగి ఇచ్చిన చోటు — ఆదివారమునకు ఇంతకంటే మంచి అలంకారము నాకు తెలియదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కట్టుకొన్న బట్టలు చూపించలేదు, ఆమె తమకు కుట్టి ఇచ్చిన బట్టలు చూపించి యేడ్చారు.

మూడవ మాట బట్టల వ్యాపారము చేసే సహోదరీ సహోదరులకు. పొరుగువాని వస్త్రము కుదువగా తీసికొంటే సూర్యుడు అస్తమించకముందే తిరిగి ఇవ్వవలెనని నిర్గమకాండము 22:26 చెప్పుచున్నది. ఎందుకంటే రాత్రి అతడు కప్పుకొనేది అదే. బట్టకు, బాకీకి మధ్యలో దేవుడు ఒక మనిషిని చూస్తున్నాడు. కూలి డబ్బు చేతికి రానివారి గుమ్మములో నిలువబడి పదిమందిలో బాకీ అడగవద్దు. కొలత తక్కువ చేయవద్దు. రంగు పోయే చీరను పోదని చెప్పి అమ్మవద్దు.

నాలుగవ మాట మనమందరము జ్ఞాపకముంచుకోవలసినది. మన ఒంటిమీది బట్ట వెనుక ఎవరివో చేతులు వున్నాయి. మా గోదావరి జిల్లాలలో నరసాపురం లేసు అల్లికలు మీకు తెలుసు. 19వ శతాబ్దములో మిషనరీ కుటుంబాల స్త్రీలు మన బీద స్త్రీలకు నేర్పిన పని అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. అయితే మరియా మీస్ అనే జర్మను విద్వాంసురాలు 1982లో వెలువరించిన పుస్తకములో, ఆ అల్లికలు విదేశాలకు పోతున్నా, ఇంట్లో కూర్చుని అల్లే స్త్రీలను పనివారుగా లెక్కించక తీరిక వేళ కాలక్షేపముగా చూస్తున్నారనీ, అందుకే వారికి దక్కే కూలి స్వల్పమనీ చూపించింది. నేతగాని మగ్గము, లేసు అల్లే తల్లి కళ్లు, కుట్టుమిషను మీద వంగిన నడుము — వీటికి తగిన కూలి ఇవ్వడము కూడ కృతజ్ఞతార్పణే. కూలివారి మొర ప్రభువు చెవిని చేరుచున్నదని యాకోబు భక్తుడు మనలను హెచ్చరించుచున్నాడు (5:4).

తరువాత ఏమి జరిగిందని మీరు అడుగుతారు. మరుసటి ఆదివారము నా పొరపాటును సంఘము ఎదుట ఒప్పుకొన్నాను. ఆమె పేరు చెప్పలేదు, చెప్పనక్కరలేదు. చీరలు అమ్మే సహోదరి ఆరాధన తరువాత నా దగ్గరకు వచ్చి, "పది చీరలు కట్టబెట్టి ఒక గొంతు పోగొట్టామండి అయ్యగారూ" అని కన్నీళ్లు పెట్టుకొన్నది. ఆ సాయంకాలమే వెళ్లి, కోతల కూలి పూర్తిగా చేతికి వచ్చినప్పుడే ఆ రెండు వందలు ఇమ్మనీ, అంతవరకు అడగననీ చెప్పి వచ్చింది. పాత బాకీ వున్న మిగిలిన ఇళ్లకూ అదే మాట చెప్పింది. లూదియ ఊరు మనకు చాలా దూరమే గాని, ఆమె వంటి మనిషి మా వీధిలోనే వున్నది.

ఆమె వెంటనే రాలేదు. నొచ్చుకొన్న మనసు మాట విన్నంత త్వరగా మానదు. మూడవ ఆదివారము వచ్చి వెనుక చాప మీద కూర్చున్నది, అదే పచ్చచీర. పాట మొదలు పెట్టవలసిన సమయానికి ముందు నిలువబడిన పదిమందీ తిరిగి ఆమె వైపు చూచారు. ఒక క్షణము తల వంచుకొని, కూర్చున్నచోటనుండే పల్లవి ఎత్తుకొన్నది. ఆ దినము శ్రుతి తప్పలేదు.

ఈ సంవత్సరము మా కోత పండుగకు చీర రంగు ఏమిటని ఇప్పటికే అడుగుతున్నారు. "ఉతికిన చీర" అని చెబుతున్నాను.

మన ప్రభువుకు సైనికులు ఊదారంగు వస్త్రము తొడిగి అపహసించారు. తరువాత దానిని తీసివేశారు. సిలువ దగ్గర ఆయన స్వంత బట్టలను కూడ చీట్లు వేసి పంచుకొన్నారు. మనకు రక్షణ వస్త్రము తొడిగించుటకు ఆయన తన వస్త్రమును కోల్పోయాడు. ఆ వస్త్రము కట్టుకొన్నవారికి మందిరములో నిలువబడడానికి ఇంకే రంగూ అక్కరలేదు.

ప్రార్థన: మా పంటలకు యజమానివైన తండ్రీ, ఈ యేడు నీవిచ్చిన గింజలకొరకు, కట్టుబట్టల కొరకు, పాట కొరకు నీకు స్తోత్రములు. మా మాటవలన గాని, మా ముచ్చటలవలన గాని నీ మందిరమునకు రాకుండా ఆగిపోయినవారెవరైనా వుంటే వారి ఇంటికి మమ్మును నడిపించుము. లూదియ హృదయమును తెరచినట్లు మా హృదయములను, మా తలుపులను తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.